బ్రహ్మ పెట్టిన దిష్టిచుక్క

నేను ఒక రాగి బ్లాకును. అరచేతిలో ఇమిడేంత రేకు, దాని కింద టేకు చెక్క, రేకు మీద ఒక ఆడమనిషి ముఖం. ఇంతే నా ఒళ్ళు. మీలో చిన్నవాళ్ళకి బ్లాకంటే ఏమిటో తెలిసి ఉండదు. ఒకప్పుడు పుస్తకంలో బొమ్మ పడాలంటే మేమే గతి. మా ఒంటికి సిరా పూసి, పైన కాగితం వేసి అదిమితే బొమ్మ కాగితానికి అంటుకునేది. వేల కాగితాలకి ముఖం పంచిపెట్టి, చివరికి మసిమొహంతో మూల కూర్చోవడం మా జాతి నుదుటి రాత.

మా గురించి మీకు తెలియాల్సిన సంగతి ఇంకొకటుంది. రబ్బరు ముద్ర చూశారు కదా, దాని మీద అక్షరాలు తిరగబడి ఉంటాయి. అలా ఉంటేనే కాగితం మీద తిన్నగా పడతాయి. మేమూ అంతే. బ్లాకు మీద కుడి కాగితం మీద ఎడమ అవుతుంది. అందుకని మమ్మల్ని చేసేవాడు బొమ్మను ముందే తిరగేసి రేకు మీదికి ఎక్కించాలి. నన్ను చేసినవాడు ఆ ఒక్క పని మర్చిపోయాడు. నేను చెప్పబోయేదంతా ఆ మరుపు తెచ్చిన తంటానే.

నేను పుట్టింది మద్రాసులో, వడపళని దగ్గర మణిమంజరి స్టూడియోలో, పంతొమ్మిది వందల యాభై ఒకటి ఆగస్టులో. స్టూడియో వెనక రేకుల షెడ్డులో బ్లాకులు చేసే ఖాదర్ వలీ అని ఒకడుండేవాడు. నెల్లూరి మనిషి. ఆమ్లపు తొట్టెలో చేతులు ముంచీ ముంచీ అతని గోళ్ళు పసుపుపచ్చగా మారిపోయాయి. ఆ రోజు అతని నెత్తి మీద వేమూరి గరళకంఠంగారు నిలబడ్డారు. ఆయన ఆ స్టూడియోకి పబ్లిసిటీ పెద్ద. పంచె కుచ్చిళ్ళు ఒక చేత్తో, గడియారం ఒక చేత్తో పట్టుకుని మాట్లాడే మనిషి.

"ఏమయ్యా వలీ, మూడింటికి ప్రెస్సులో ఉండాలి. క్యాలెండర్లూ, పాటల పుస్తకాలూ అన్నీ దీనికోసమే ఆగి ఉన్నాయి."

"అయిపోవస్తుండాది సార్. మీరట్టా కూర్చోండి."

ఆయన కూర్చోలేదు. వలీ గాజుపలక మీంచి పల్చటి ఫిల్ము ఒలిచాడు. దాన్ని తిరగేసి వేయాలి. సరిగ్గా ఆ క్షణాన గరళకంఠంగారు మళ్ళీ టైమెంతో చెప్పారు. ఫిల్ము ఎలా ఒలిచాడో అలాగే వేసేశాడు. ఆ తర్వాత నన్ను కాల్చి, ఆమ్లంలో ముంచి, కడిగి, చెక్కకి మేకులతో బిగించేశారు. అంత కష్టపడి పుట్టిన నాకు నేను తప్పుగా పుట్టానని తెలియదు. పుట్టినవాడికి ఎవరికి మాత్రం తెలుస్తుంది.

నా మీదున్న ముఖం తోట నాంచారమ్మది. బందరు మనిషి. నాటకాల కంపెనీలో వేషాలు వేసేది. భర్త అదే కంపెనీలో హార్మణీ వాయించేవాడు. విషజ్వరం వచ్చి పది రోజుల్లో పోయాడు. తర్వాత కంపెనీ కూడా మూతపడింది. మూడేళ్ళ కూతురు మాణిక్యాన్ని అక్క ఆదిలక్ష్మి చేతిలో పెట్టి ఆమె మద్రాసు రైలెక్కింది.

నాంచారమ్మకి కుడి చెంప మీద, పెదవికి రెండు వేళ్ళ ఎడంగా, మిరియపు గింజంత పుట్టుమచ్చ ఉండేది. దాని మీద వేలు ఆనిస్తే గానీ పిల్లకి నిద్ర పట్టేది కాదు. బయల్దేరే రోజున నాంచారమ్మ పిల్లని దగ్గరికి తీసుకుని, "ఎవరైనా వచ్చి నేనే మీ అమ్మనంటే నమ్మేసి వెళ్ళిపోకు. ముందు ఈ మచ్చుందో లేదో చూడు," అని చెప్పింది. పిల్ల ఎక్కడ తప్పిపోతుందోనన్న భయంతో చెప్పిన మాట. ఆ మాట తిరిగొచ్చి తన మెడకే చుట్టుకుంటుందని ఆమె అనుకోలేదు.

ఇవన్నీ నాకెలా తెలుసంటారా? పబ్లిసిటీ గదిలో, గరళకంఠంగారి బల్ల మీద, కాగితాలు ఎగరకుండా బరువుగా పదిహేనేళ్ళకి పైగా కూర్చున్నాను. కదలని వస్తువు ఎదుట మనుషులు ఏమైనా మాట్లాడేస్తారు.

ఆ బల్ల దగ్గరే తోట నాంచారమ్మ కుమారి విద్యున్మాల అయింది. ఇరవై మూడేళ్ళు పద్దెనిమిదికి దిగాయి. తండ్రి జమీందారు అయ్యాడు. ఐదో ఏట నుంచి వీణ, పెంపుడు కుందేళ్ళు రెండు, ఆహారం పళ్ళూ పాలూ. ఎండుచేపల పులుసు లేనిదే ముద్ద దిగని మనిషి ఇవన్నీ విని, నవ్వాలో వద్దో తెలియక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

"పిల్ల సంగతి ఎక్కడా ఎత్తకు అమ్మాయ్," అన్నారు గరళకంఠంగారు. "జనం టిక్కెట్టు కొనేది కుమారి విద్యున్మాల కోసం. బిడ్డతల్లిని చూడాలంటే ఇంట్లోనే చూసుకుంటారు."

"ఎన్నాళ్ళండీ?"

"ఒప్పందం ఏడేళ్ళు. ఎంతలో గడిచిపోతాయి."

ఆయన చెడ్డవాడు కాదు. ఆయన పని అది. ఉన్నది లేదనీ లేనిది ఉందనీ రాసీ రాసీ, ఏది ఉందో ఏది లేదో ఆయనకే గుర్తుండేది కాదు. సొంత కూతురి పెళ్ళి శుభలేఖలో పెళ్ళికొడుకు తండ్రిని జమీందారని రాసేస్తే వియ్యంకుడు వచ్చి ఆ ముక్క కొట్టివేయించాడు.

సరే, నా సంగతికి వస్తాను. నన్ను మొదటిసారి కాగితం మీద అదిమి ప్రూఫు తీశారు. దాన్ని చూసి తప్పు పట్టాల్సిందెవరు? ఫొటో తీసినాయన షూటింగుకని కోయంబత్తూరు వెళ్ళాడు. గరళకంఠంగారు అప్పటికి నాంచారమ్మను చూసింది రెండుసార్లు. ఆ రెండుసార్లూ ఆయన కళ్ళు కాగితాల మీదే ఉన్నాయి. వలీ ఆమెను చూడనే లేదు. చీర కనిపించి ఉంటే, పైట కుడి భుజం మీదుందేమిటని ఎవరో ఒకరు అడిగేవారు. ఫొటో మెడ వరకే. ముక్కుపుడకలు నాటుగా ఉంటాయని గరళకంఠంగారు ముందే చెప్పి తీయించేశారు. ఇక కుడిఎడమలు చెప్పగలిగింది ఆ మచ్చ ఒక్కటే.

ప్రూఫు నాంచారమ్మకే చూపించారు. ఆమె కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూసింది.

"అచ్చం నాలాగే ఉందండీ," అంది.

అబద్ధం కాదు. మనిషి తన ముఖం తాను చూసుకునేది అద్దంలోనే కదా. అద్దంలో మచ్చ రోజూ ఎటు కనిపిస్తుందో కాగితం మీదా అటే కనిపించింది. బందరులో పాలమ్మే మనిషికి చూపించినా ఇదేమిటని అడిగి ఉండేది. ఆ గదిలో మాత్రం ఆ ముఖాన్ని ఎరిగింది ఆమె ఒక్కతే, ఆమె ఎరిగిందేమో తిరగబడ్డ ముఖం. బాగుందని కింద సంతకం పెట్టింది.

గరళకంఠంగారు కలం తీసి బొమ్మ కింద వేయాల్సిన ముక్క రాశారు: 'ఎడమ చెంప మీద బ్రహ్మదేవుడు స్వయంగా పెట్టిన దిష్టిచుక్క!' నాలుగు రోజుల్లో ముప్పై వేల కాగితాలు ఊళ్ళమీద పడ్డాయి. కిళ్ళీ కొట్ల అద్దాలకీ, మంగలి షాపుల గోడలకీ నా బొమ్మే. ఆ దిష్టిచుక్క మాట జనం నోళ్ళలో అంతకంటే తొందరగా పాకింది.

పది రోజుల తర్వాత నాంచారమ్మ మేకప్ లేకుండా గదిలోకి వచ్చినప్పుడు గరళకంఠంగారు తల ఎత్తి చూశారు. మళ్ళీ చూశారు.

"మచ్చ అటెందుకుంది?"

"పుట్టినప్పట్నించీ ఇటే ఉందండీ."

ఆయన గోడ మీది క్యాలెండరు చూశారు, ఆమెను చూశారు, కుర్చీలో వెనక్కి వాలారు. వలీని పిలిపించారు. వలీ నన్ను చేతిలోకి తీసుకుని క్యాలెండరు పక్కన పెట్టి చూశాడు.

"ఫిల్ము తిరగెయ్యలేదు సార్. నాదే తప్పు."

"రేపట్నించి రావద్దు."

వలీ తల వంచుకున్నాడు. ఇంటి దగ్గర అతనికి నలుగురు పిల్లలు. అప్పుడు నాంచారమ్మ కల్పించుకుంది.

"బాగుందని సంతకం పెట్టింది నేనేగదండీ. ఆయన్ని తీసేస్తే ఆ ఉసురు నాకే తగులుద్ది. ఎడమ పక్కే కావాలంటే ఎడమ పక్కే పెట్టుకుంటాను. నాటకాల్లో మీసాలు పెట్టుకున్నాం, మచ్చ ఒక లెక్కా?"

గరళకంఠంగారు ఆలోచించారు. "అంతేలే. ముప్పై వేల కాగితాలు వెనక్కి రావు. ముఖమంటే మన చేతిలో పని," అన్నారు. అలా ఒకడి ఉద్యోగం నిలబడింది. మంచి పనే. మంచి పని కూడా కొన్నిసార్లు ఎంత లోతుగా దెబ్బ తీస్తుందో ఆ గదిలో ఎవరికీ అప్పుడు తెలియదు.

నాలుగేళ్ళు గడిచాయి. కుడి మచ్చ రోజూ రంగు కింద దాగేది, ఎడమ మచ్చ రోజూ పెన్సిలుతో మొలిచేది. కుమారి విద్యున్మాల ఆంధ్రదేశమంతా వెలిగిపోయింది. ఇంతలో ఒక పాట చిత్రీకరణలో దీపాల వేడికి చెమట పట్టి, కుడి చెంప రంగు కరిగింది. ఎవరూ గమనించలేదు. తెర మీద ముఖం ఇంతెత్తున కనిపించేసరికి, రెండు మచ్చలు. ఏలూరు నుంచి ఒక పెద్దమనిషి ఉత్తరం రాశాడు: 'బ్రహ్మ ఒక చుక్క పెట్టాడని మీరే సెలవిచ్చారు. రెండోది ఎవరు పెట్టినట్టు?' అలాంటి ఉత్తరాలు సంచీ నిండాయి. వాటన్నిటి మీదా నన్నే బరువు పెట్టారు.

గరళకంఠంగారు ఉత్తరాలను చూసి నవ్వలేదు. డాక్టరు పేరు రాసిన చీటీ ఆమె చేతిలో పెట్టారు. "చీమ కుట్టినట్టు ఉంటుందంతే," అన్నారు. వారం తర్వాత ఆమె కుడి చెంపకి పట్టీతో వచ్చింది. పట్టీ కింద మచ్చ లేదు, కాల్చేశారు. ఆ రోజు ఆమె నా ఎదురుగా చాలాసేపు కూర్చుని, పట్టీ అంచు గోటితో గీరుకుంటూ, "పిల్ల వస్తే ఏం చూపిస్తాను?" అని తనలో తాను అనుకుంది.

పిల్ల నెల తిరక్కుండానే వచ్చింది.

అక్కడ బందరులో జరిగింది ఇది. మాణిక్యానికి ఏడేళ్ళొచ్చాయి. పెద్దమ్మ ఇంటి గోడ మీది క్యాలెండరు చూపించి మీ అమ్మేనని చెబితే పిల్ల ఒప్పుకోలేదు. మా అమ్మకి మచ్చ ఇటుంటుంది, ఈవిడకి అటుంది, ఈవిడ వేరే అంది. బళ్ళో ఎవరో 'మీ అమ్మ సినిమాల్లో ఉందటగా' అంటే ఆ అమ్మాయిని గిల్లి వచ్చింది. ఇదంతా ఎందుకు, కళ్ళారా చూపిస్తే సరిపోతుందని ఆదిలక్ష్మి ఉత్తరమైనా రాయకుండా పిల్లని తీసుకుని రైలెక్కేసింది. గేటు దగ్గరివాడు వాళ్ళని తిన్నగా పబ్లిసిటీ గదికి పంపాడు.

ఆ మధ్యాహ్నం గదిలో ఒక పత్రికాయన ఉన్నాడు. విద్యున్మాల అభిరుచుల గురించి గరళకంఠంగారు చెబుతుంటే రాసుకుంటున్నాడు. ఆమె రాజకుమారి వేషంలో, ఎడమ చెంప మీద చుక్కతో, పక్కనే కూర్చుని ఉంది. తలుపు దగ్గర ఆదిలక్ష్మి.

"నాంచారీ," అంది.

పత్రికాయన కలం ఆగింది. గరళకంఠంగారి ముఖం మాత్రం చెక్కుచెదరలేదు.

"విద్యున్మాలగారి అక్కగారు. ఈ పాప అక్కగారి అమ్మాయి," అన్నారు. "అంతేగా అమ్మాయ్?"

నాంచారమ్మ పిల్లని చూసింది. నాలుగేళ్ళలో ఎంత పొడుగైందో. తర్వాత కలం వైపు చూసింది. ఒప్పందంలో ఇంకా మూడేళ్ళున్నాయి.

"అవునండీ. మా అక్క కూతురు. నేను పిన్నినవుతాను."

పత్రికాయన రాసుకుని, పిల్ల తల నిమిరి, సెలవు తీసుకున్నాడు. గరళకంఠంగారు ఆయన్ని సాగనంపడానికి వెళ్ళారు. తలుపు మూసుకోగానే నాంచారమ్మ గుడ్డకి కొబ్బరినూనె రాసి ముఖం రుద్దేసుకుంది. ఎడమ చుక్క పోయింది. కుడి చెంప మీద రంగు కూడా పోయింది. అక్కడ శనగబద్దంత మేర చర్మం గులాబిరంగులో మెరుస్తోంది.

"నేనేనమ్మా," అని మోకాళ్ళ మీద కూర్చుంది. "ఇదిగో, ఇక్కడే ఉండేది. చూడు, నువ్వు వేలు పెట్టుకునేదానివి."

పిల్ల పెద్దమ్మ చీర కుచ్చిళ్ళు పట్టుకుంది. కుడి చెంప చూసింది, ఎడమ చెంప చూసింది.

"మచ్చే లేదు పెద్దమ్మా. ఆవిడే చెప్పిందిగా పిన్నినని."

ఆ పిల్ల మోచేతికి జానెడు దూరంలో నేనున్నాను. ముఖం పైకి పెట్టుకునే ఉన్నాను. కాగితాలన్నీ తప్పు చెప్పినా, అద్దాలన్నీ తిరగేసి చూపించినా, డాక్టరు కాల్చిపారేసినా, ఆ మచ్చ ఉండాల్సిన చోట ఉన్నది లోకంలో నా ఒక్కదాని మీదే. ఒక్కసారి తల తిప్పి చూస్తే చాలు. ఎవరూ చూడలేదు. బ్లాకుతో వేసిన బొమ్మను చూస్తారు గానీ బ్లాకును ఎవరు చూస్తారు? నాకు నోరుంటే బాగుండునని ఆ ఒక్క రోజే అనిపించింది. సాయంత్రం బండికి వాళ్ళు వెళ్ళిపోయారు.

మూడేళ్ళకి ఒప్పందం తీరింది. నాంచారమ్మ బందరు వెళ్ళింది. పదేళ్ళ మాణిక్యం కంచుగ్లాసుతో నీళ్ళు తెచ్చి, "పిన్నిగారూ, మంచినీళ్ళు," అందట. ఈ సంగతి నాంచారమ్మ గరళకంఠంగారికి చెబుతూ ఏడ్చింది. ఆదిలక్ష్మి పిల్లకి నిజమంతా విడమరిచి చెప్పింది కూడా. పిల్ల అంతా విని, "అయితే ఆవిణ్ణే చెప్పమను. ఆ రోజు రాసుకునే ఆయన ముందు చెప్పినట్టు, ఇప్పుడూ అలాంటివాళ్ళ ముందే చెప్పమను," అందట. తెలివైన పిల్ల. గరళకంఠంగారు విని దగ్గారు. అప్పటికి రెండు కొత్త చిత్రాలు చేతిలో ఉన్నాయి, రెంటిలోనూ ఆమె కుమారే. ఇవి అయిపోనీ, తర్వాత చెబుదువుగాని అన్నారు. ఆ తర్వాతకి ఇంకో తర్వాత వచ్చింది.

ఇంకొన్నాళ్ళకి కొత్త ముఖాలొచ్చాయి. నాంచారమ్మకి హీరోల తల్లి వేషాలు ఇవ్వసాగారు. తెర మీద ఎంతమందికి అమ్మ అయిందో లెక్కలేదు. ఇప్పుడు చెప్పినా నష్టం లేదు, కానీ పత్రికలవాళ్ళు రావడం మానేశారు. అడిగేవాళ్ళున్నప్పుడు నోరు రాలేదు, నోరొచ్చేసరికి అడిగే దిక్కు లేదు. గరళకంఠంగారు పోయారు. స్టూడియో మూతపడింది. మా బ్లాకులన్నిటినీ గోనెసంచుల్లో పోసి పాతసామాన్లవాడికి తూకానికి ఇచ్చేశారు. రాగి కరిగించడానికి వెళ్తున్నామని మాకు తెలుసు. నేను పెద్దగా బాధపడలేదు. తప్పు చెప్పి చెప్పి అలసిపోయాను.

ఆ కొట్టుకి ఒక ముసలాయన వచ్చాడు. పసుపుపచ్చ గోళ్ళు చూసి గుర్తుపట్టాను. వలీ మూడు గోనెసంచులు నేలమీద బోర్లించి, ఒక్కొక్క బ్లాకూ ఎత్తి చూసి, పొద్దు వాలేవేళకి నన్ను పట్టుకున్నాడు. కిరసనాయిలుతో పాత సిరా కడిగి, గుంటల్లోకి సుద్దపొడి రాశాడు. బొమ్మ తేటగా పైకి తేలింది. జేబురుమాల్లో చుట్టుకుని, వడపళని పక్కనే సాలిగ్రామంలో నాంచారమ్మ అద్దెకుంటున్న వాటా వెతుక్కుంటూ వచ్చాడు. అది డెబ్భై ఎనిమిదో సంవత్సరం.

నాంచారమ్మ అతన్ని కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, నన్ను చేతిలోకి తీసుకుంది. అన్నేళ్ళు ఆ బల్ల దగ్గర తిరిగిన మనిషి నా ముఖం చూడటం అదే మొదలు.

"ఇదేంటి వలీగారూ, మచ్చ ఇటుంది?"

"ఇటే కదమ్మా మీకుండింది. కాగితం మీద పడేటప్పుడు అటు పోయేది. బ్లాకు మీద మాత్రం మొదట్నించీ సరిగ్గానే ఉండాది." అతను గ్లాసు కింద పెట్టాడు. "నా తప్పుకి మీరు మొహమే ఇచ్చేశారు తల్లీ. ఎప్పుడన్నా ఇది మీ చేతిలో పెట్టాలని ఉండాది నాకు."

తన ముఖం కన్నకూతురి కళ్ళకి ఎలా కనిపించేదో ఆమె ఏనాడూ చూడలేదు. అద్దంలో అది దొరకదు. ఇప్పుడు చేతిలో ఉంది. ఆ వారమంతా ఉత్తరాలు రాసి చించేస్తూ గడిపింది. చివరికి ఒక్క ముక్కయినా రాయకుండా, నన్ను పాత నూలుచీర ముక్కలో చుట్టి, బందరుకి పార్సెలు కట్టించింది.

మాణిక్యానికి అప్పటికి ముప్పై ఏళ్ళు. బందరు టెలిఫోను ఎక్స్ఛేంజీలో ఉద్యోగం. ఊళ్ళోవాళ్ళ మాటలు ఇటు తీగ అటు కలిపి పంపే మనిషి. తన మాట మాత్రం ఎక్కడా కలపదు. పార్సెలు విప్పి, నన్ను వెలుగులోకి పట్టుకుని చూసింది. తర్వాత కుడిచేతి చూపుడువేలు నా మీది మచ్చ మీద పెట్టింది. రాగి చల్లగా ఉంటుంది కదా, ఉలిక్కిపడింది. వేలు మాత్రం తీయలేదు. మంచం మీంచి ఆదిలక్ష్మి, "ఇప్పటికైనా వెళ్ళవే," అంది.

నాలుగు రోజులు సెలవు పెట్టి మద్రాసు వచ్చింది, సంచీలో నాతో. తలుపు చప్పుడు విని నాంచారమ్మ వెంటనే తీయలేదు. ఎవరొచ్చినా చేసే పనే చేసింది. అద్దం ముందుకి వెళ్ళి ఎడమ చెంప మీద పెన్సిలుతో చుక్క పెట్టుకుని, అప్పుడు తలుపు తీసింది.

మాణిక్యం నన్ను బల్ల మీద పెట్టింది. "ఇది మీరేనా?"

"నేనే."

"మచ్చ తారుమారైన సంగతి పెద్దమ్మ ఎప్పుడో చెప్పింది. దానికి నేను చిన్నపిల్లని, నాకు తెలియలేదు. మరి ఆ రోజు ఆయన ముందు పిన్నినని ఎందుకన్నారు?"

గోడకి ఆనుకుని నాంచారమ్మ మెల్లగా కిందికి జారి కూర్చుంది.

"మచ్చ సంగతి ఎవరిమీదైనా తోసెయ్యొచ్చు. ఆ మాట మాత్రం నేనన్నదే. భయపడ్డానమ్మా. ఈ కూడు పోద్దేమోనని భయపడ్డాను. ఆయన నన్ను బెదిరించలేదు, ఏమీ లేదు. ఊరికే అడిగాడు, నేను అనేశాను."

మాణిక్యం సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఓదార్చలేదు, అరవలేదు. తిరుగు టిక్కెట్టు నాలుగో రోజుకి ఉంది కాబట్టి ఉండిపోయింది. వంట చేసింది, గిన్నెలు కడిగింది, మాట్లాడింది తక్కువ. రెండో రోజు ఎండుచేపల పులుసు వండితే ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. బయల్దేరే పొద్దున, తన చీరకొంగు తడిపి, నాంచారమ్మ ఎడమ చెంప మీది చుక్కను తుడిచేసింది.

"ఇంక ఇది పెట్టుకోకండి," అంది. అప్పటికీ 'కండి' అనే.

నన్ను మళ్ళీ బందరు తీసుకెళ్ళింది. తర్వాత సెలవు దొరికినప్పుడల్లా నన్ను సంచీలో వేసుకుని మద్రాసు వెళ్ళేది. ఇద్దరి మధ్యా వంటల మాటలు నడిచేవి. పిలుపు మాత్రం ఉండేది కాదు. పిలవాల్సి వస్తే లేచి దగ్గరికి వెళ్ళి మాట్లాడేది.

రెండేళ్ళకి ఆదిలక్ష్మికి జబ్బు చేస్తే చూడటానికి నాంచారమ్మ బందరు వచ్చింది. అది తెలిసి విజయవాడ నుంచి ఒక వారపత్రికాయన వెతుక్కుంటూ వచ్చాడు. మరుగున పడ్డ తారల మీద రాస్తున్నాడట. ఆదిలక్ష్మిని పలకరించడానికి వచ్చిన ఇరుగుపొరుగు ఆడవాళ్ళు కూడా వసారాలో చేరారు. ఆయన పాత చిత్రాల గురించి అడిగాడు, కుందేళ్ళ గురించి అడిగాడు. మాణిక్యం కాఫీ తెచ్చి ఇచ్చింది.

"వీరు మీ అక్కగారి అమ్మాయి కదండీ? పాత వ్యాసంలో చదివాను," అన్నాడు, కలం పట్టుకుని.

అదే కలం కాదు. అయినా కిటికీ అరుగు మీంచి చూస్తున్న నాకు అదే కలంలా కనిపించింది. మాణిక్యం పళ్ళెం పట్టుకుని గుమ్మంలో ఆగిపోయింది. అటు తిరిగే ఉంది, వెళ్ళలేదు.

"కాదండీ," అంది నాంచారమ్మ. "నా కూతురు. నేను కన్నాను. మూడేళ్ళప్పుడు మా అక్క దగ్గర వదిలి వెళ్ళాను. ఏడేళ్ళప్పుడు మీలాంటి ఆయన ముందే కాదన్నాను. పేరు మాణిక్యం. రాసుకోండి."

ఆయన తికమకపడ్డాడు. "మరి కుమారి అని కదండీ..."

"అది రాసినాయన వేరే. ఇది నేను చెబుతున్నాను."

మాణిక్యం పళ్ళెం కింద పెట్టి, లోపలికి వెళ్ళి, నన్ను తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"ముఖం వెయ్యాలంటే ఇది వెయ్యండి. దీంతో అచ్చు మాత్రం తియ్యొద్దు. దీన్నే ఫొటో తీసుకోండి."

ఆయనకి కారణం అర్థం కాలేదు, అయినా అలాగే చేశాడు. నా బతుకులో మొదటిసారి నా ముఖం తిరగబడకుండా కాగితం మీద పడింది. కుడి చెంప మీద మచ్చ, పక్క వరసలో 'వీరి కుమార్తె మాణిక్యం' అన్న మాట.

మనుషులు మంచివాళ్ళే, జ్ఞాపకశక్తి కూడా గట్టిది. తర్వాతి వారం పత్రికాఫీసుకి ఉత్తరాలు వెల్లువెత్తాయి. విద్యున్మాల దిష్టిచుక్క ఎడమ చెంప మీద కదా, కుడి చెంప మీద వేస్తారా, కళ్ళు మూసుకుని పత్రిక నడుపుతున్నారా అని. ఆ పై వారం సంపాదకుడు సవరణ వేశాడు: 'విద్యున్మాలగారి చిత్రం పొరపాటున తిరగబడి ప్రచురితమైనందుకు చింతిస్తున్నాం.'

ఆ పత్రిక వచ్చిన పొద్దున నేను బందరులో కిటికీ అరుగు మీద ఉన్నాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. నాంచారమ్మ మడతమంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. మాణిక్యం సవరణ చదివింది. ఇంకోసారి చదివింది. నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుంది.

"అమ్మా," అంది, "నీ మొహం తప్పంట."

నాంచారమ్మ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. మాణిక్యం వచ్చి పక్కన కూర్చుని, కాలిన చోట, కుడి చెంప మీద వేలు పెట్టింది.